సెలవు జీవోలో... మనిషి డ్యూటీలో

ఏడాది చివరికొచ్చేసరికి హైదరాబాద్ సచివాలయం నుంచి ఒక కాగితం బయటికొస్తుంది. సాధారణ పరిపాలన శాఖ ఇచ్చే జీవో అది. రాబోయే ఏడాదిలో సాధారణ సెలవులు ఏవి, ఐచ్ఛిక సెలవులు ఏవి, ఏ పండుగ ఏ తేదీన, ఏ వారం... అన్నీ అందులో ఉంటాయి. మర్నాడు పేపర్లో ఆ జాబితా పడగానే ప్రతి ఇంట్లోనూ ఒకటే పని. ఏ పండుగ ఆదివారం నాడు వచ్చిందో వెతకడం. వచ్చిందంటే 'అయ్యో, ఒక సెలవు పోయిందే' అని ఉసూరుమనడం. పిల్లలైతే మరీను.

అంతకుమించి ఆ కాగితాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆగి చూస్తే మాత్రం అది మామూలు కాగితం కాదు. ఎవరు ఏ దేవుణ్ని ఏ రోజున తలచుకుంటారో ప్రభుత్వం తెలుసుకుని, ఒప్పుకుని, ముద్ర వేసిన కాగితం. శ్రీరామనవమి, రంజాన్, గుడ్‌ఫ్రైడే, బక్రీద్, మొహర్రం, బోనాలు, బతుకమ్మ, క్రిస్మస్... అన్నీ ఒకే వరసలో, ఒకే సైజు అక్షరాల్లో ఉంటాయి. 'ఈ రోజు మీకు ముఖ్యమైనదని మాకు తెలుసు. ఆఫీసు మూసేస్తున్నాం. గుడికో, మసీదుకో, చర్చికో... మీ ఇష్టం' అని సర్కారు చెప్పే మాట అది.

మరి ఈ మాట బసంత్‌నగర్ దాకా వచ్చేసరికి ఏమవుతుంది?

రాజీవ్ రహదారి మీద హైదరాబాద్ నుంచి రామగుండం వైపు వెళ్లేవాళ్లకు పెద్దపల్లి దాటాక బసంత్‌నగర్ వస్తుంది. బిర్లాల కేశోరాం సంస్థ పెట్టిన సిమెంటు ఫ్యాక్టరీ చుట్టూ పెరిగిన ఊరిది. 2025 మార్చి నుంచి ఆ సిమెంటు వ్యాపారం అల్ట్రాటెక్ చేతికి వెళ్లింది. యజమాని మారాడు కానీ ఫ్యాక్టరీ స్వభావం మారలేదు. ఇంకాస్త ముందుకెళితే ఎన్టీపీసీ పొగగొట్టాలు. అదీ దాటితే గోదావరిఖని, సింగరేణి బొగ్గు బాయిలు. సిమెంటు, కరెంటు, బొగ్గు. ఈ మూడింటికీ ఒకే పోలిక... రాత్రీ పగలూ ఆగవు. ఆపుదామన్నా అంత తేలిగ్గా ఆగవు.

సిమెంటు ఫ్యాక్టరీలో కిల్న్ అనే పెద్ద ఇనుప గొట్టం ఉంటుంది. నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది. సున్నపురాయి పొడి దాని లోపల సుమారు 1,450 డిగ్రీల వేడికి క్లింకర్‌గా మారుతుంది. అంత వేడికి ఇనుము తట్టుకోలేదు కాబట్టి లోపలంతా వేడికి ఓర్చే ఇటుకలు పేరుస్తారు. పండుగని చెప్పి ఒక పూట కిల్న్ ఆర్పేస్తే ఆ ఇటుకలు చల్లబడి పగుళ్లిస్తాయి. మళ్లీ రాజేసి, మెల్లగా వేడి పట్టించి, దారిన పెట్టడానికి గంటలతో అయ్యే పని కాదు. అందుకే దసరా అయినా, రంజాన్ అయినా కిల్న్ తిరుగుతూనే ఉంటుంది. దాని పక్కన మనిషి ఉంటాడు.

బాయిలో సంగతి ఇంకోలా ఉంటుంది. పండుగ నాడు బొగ్గు తీయడం ఆపేయొచ్చు. కానీ భూమి లోపల ఊరే నీరు పండుగని ఆగదు. పంపు నడవాలి. పైనుంచి లోపలికి గాలి పంపే ఫ్యాన్ తిరగాలి. లేకపోతే మీథేన్ పేరుకుంటుంది. అది పేరుకుంటే ఏమవుతుందో బొగ్గు ప్రాంతంలో చిన్నపిల్లలకీ తెలుసు. కాబట్టి బాయి మూసిన రోజున కూడా పంపు దగ్గర ఒకరు, ఫ్యాన్ దగ్గర ఒకరు, లోపల గాలినీ కప్పునీ చూసి రావడానికి ఇంకొకరు కావాలి. మిగతావాళ్లు ఇంట్లో పండుగ చేసుకుని, మర్నాడు ఏ భయమూ లేకుండా బాయిలోకి దిగగలుగుతున్నారంటే వీళ్లు ముందురోజు డ్యూటీ చేయడం వల్లే.

ఈ పట్టణాల్లో సెలవుకు వేరే భాషే ఉంది. ఆదివారం పనిచేస్తే 'ప్లేడే'. జీతంతో ఇచ్చే పండుగ సెలవు 'పీహెచ్‌డీ'. అంటే పెయిడ్ హాలిడే. కొత్తగా పెళ్లయి వచ్చిన కోడలు, మామగారికి ఈ నెలలో పీహెచ్‌డీ ఉందని వింటే ఆయన ఈ వయసులో ఏం చదువుతున్నాడా అనుకోవచ్చు! పండుగ రోజున డ్యూటీకి వెళితే మామూలు కంటే ఎక్కువ డబ్బు వస్తుంది. పిల్లల ఫీజు కట్టాల్సిన నెలలో ఆ డ్యూటీ కోసం ఎదురుచూసేవాళ్లూ ఉంటారు. అదే మనిషి మరో నెలలో 'ఈ ఒక్క రోజు వదిలేయండి సార్' అని బతిమాలతాడు. తప్పు పట్టాల్సిందేమీ లేదు. దేవుడూ కావాలి, ఫీజూ కట్టాలి.

అసలు ఈ జీవో ఎవరికి వర్తిస్తుందో కూడా చూడాలి. సెలవుల జాబితాకు ఆధారంగా చెప్పే చట్టాల్లో ఒకటి 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం. పేరు వింటేనే తెలుస్తుంది, అది హుండీలు, చెక్కులు, ప్రామిసరీ నోట్ల చట్టం. బ్యాంకు మూసి ఉన్న రోజున చెల్లింపు గడువు పడితే ఏం చేయాలన్న చిక్కు తీర్చడానికి 'పబ్లిక్ హాలిడే' అన్నది అందులో చేరింది. భక్తికీ దానికీ సంబంధం లేదు. ప్రభుత్వ ఆఫీసులు, బ్యాంకులు ఈ జాబితాల ప్రకారం మూతపడతాయి. ప్రైవేటు ఫ్యాక్టరీకి అది అలాగే అంటదు. ఫ్యాక్టరీలకూ దుకాణాలకూ 1974 నాటి రాష్ట్ర చట్టం వేరే ఉంది. జాతీయ దినాలతో పాటు కొన్ని పండుగ సెలవులు ఇవ్వాలని, ఆ రోజు పని చేయిస్తే రెట్టింపు కూలి గానీ, కూలితో పాటు మరో రోజు సెలవు గానీ ఇవ్వాలని అది చెబుతుంది. జీవోలో పాతిక పేర్లుంటే ఫ్యాక్టరీ గేటు దాకా వచ్చేవి కొన్నే అన్నమాట.

ఫలానా రోజున సెలవు కావాలని కోర్టుకెళ్లినా లాభం లేదు. 2022 జనవరిలో బొంబాయి హైకోర్టు ఒక కేసులో, ప్రభుత్వ సెలవు అనేది ఎవరికీ చట్టపరమైన హక్కు కాదని తేల్చేసింది. దాద్రా, నగర్ హవేలీ విమోచన దినమైన ఆగస్టు 2న సెలవు ఇవ్వాలని వేసిన పిటిషన్ అది. సెలవులు ఇప్పటికే ఎక్కువయ్యాయేమో అని కూడా జడ్జీలు అన్నారు. పంపు దగ్గర పండుగ డ్యూటీ చేసేవాడు ఆ మాట వింటే ఏమనేవాడో!

హక్కు కాకపోయినా, సెలవు అంతగా కలిసిరాకపోయినా, తమ పండుగను సర్కారు గుర్తించాలని జనం ఎందుకంత పట్టుబడతారు? దీనికి జవాబు తెలంగాణలో దొరికినంత స్పష్టంగా ఇంకెక్కడా దొరకదు.

2011 సెప్టెంబరు 13న సకల జనుల సమ్మె మొదలైంది. సింగరేణి కార్మికులు నెల రోజులకు పైగా బాయి దిగలేదు. బొగ్గు కదలక కరెంటు కోతలు పెరిగాయి. ఆ సమ్మె మధ్యలోనే బతుకమ్మ పండుగ వచ్చింది. మామూలుగా బొగ్గు ప్రాంతంలో పండుగకు అన్ని షిఫ్టుల మగవాళ్లూ ఒకేసారి ఇంటిపట్టున ఉండరు. ఆ ఏడాది ఉన్నారు. డ్యూటీ లేదు, జీతమూ లేదు. ఆడవాళ్లు బతుకమ్మలను వాడకట్టు నుంచి రోడ్డు మీదికి తెచ్చి ఆడారు. పూల పండుగ, ధర్నా కలిసిపోయాయి. ఉమ్మడి రాష్ట్రంలో తమ పండుగకు తగిన చోటు లేదన్న బాధ ఆ పాటల్లో పలికింది.

రాష్ట్రం 2014 జూన్ 2న ఏర్పడింది. అదే నెలలో కొత్త ప్రభుత్వం బతుకమ్మనూ బోనాలనూ రాష్ట్ర పండుగలుగా ప్రకటించింది. మొదటి జీవోల్లో ఒకటి పండుగల మీద రావడం చూసి అప్పట్లో నవ్వినవాళ్లు కూడా ఉన్నారు. ఉద్యోగాల సంగతి చూడకుండా పూల సంగతేంటని. నవ్వడం తేలికే. ఒక్కో ఇంట్లో ముగ్గురు నలుగురు తరాల ఆడవాళ్లు తంగేడు, గునుగు, బంతి, కట్ల పూలు తెచ్చి పేర్చిన దాన్ని సర్కారు ఏనాడూ చూడనట్టే ఊరుకుంటే ఎలా ఉంటుందో ఆ ఇళ్లలో పెరిగినవాళ్లకే తెలుస్తుంది. ఆ జీవో కొత్తగా ఎవరికీ భక్తి నేర్పలేదు. ఉన్నదాన్ని ఉందని ఒప్పుకుంది.

ఒప్పుకున్నాక ఊరికే ఉండదు కదా సర్కారు. డబ్బు వచ్చింది, చెరువుల దగ్గర లైట్లు, మెట్లు వచ్చాయి, స్టేడియాల్లో వేలమందితో ఆటలు వచ్చాయి, గిన్నిస్ రికార్డులూ వచ్చాయి. 2017 నుంచి బతుకమ్మ చీరలు వచ్చాయి. మొదటి ఏడాది చీరలు నాసిరకంగా ఉన్నాయని కొన్నిచోట్ల తగలబెట్టారు కూడా. కానీ ఆ చీరల ఆర్డరు వల్ల పాత కరీంనగర్ జిల్లాలోని సిరిసిల్లలో మరమగ్గాలు నెలల తరబడి ఆడాయి. నేతన్నల ఆత్మహత్యలతో పేరుపడిన ఊరది. గోదావరిఖనిలోనో బసంత్‌నగర్‌లోనో ఒక గృహిణి కట్టుకున్నా కట్టుకోకపోయినా, ఆ చీర వల్ల సిరిసిల్లలో ఒక ఇంట పొయ్యి వెలిగింది. 2023 చివర్లో ప్రభుత్వం మారాక ఆ పథకం ఆగింది. మగ్గాలూ ఆగాయి. తర్వాత మహిళా సంఘాల సభ్యులకు ఇందిరమ్మ చీరల పేరుతో మళ్లీ ఆర్డరు ఇచ్చి, 2025లో పంచారు. పండుగకు సర్కారు గుర్తింపు వస్తే దానితో పాటు ఎవరి కూలి ముడిపడుతుందో, అది తెగితే ఎవరికి తగులుతుందో చూడ్డానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు.

ఇంకో ఇబ్బంది తేదీ. మనుషులు తిథిని అటూ ఇటూ సర్దుకుంటారు. జీవో సర్దుకోదు, దానికి ఒకటే తేదీ కావాలి. జీవోలో సాధారణ సెలవుగా ఉండేది బతుకమ్మ ప్రారంభమయ్యే అమావాస్య రోజు. చాలా ఇళ్లలో పెద్ద సందడి మాత్రం తొమ్మిదో నాటి సద్దుల బతుకమ్మకు. 2024లో ప్రారంభ దినం అక్టోబరు 2న, గాంధీ జయంతితో కలిసి వచ్చింది. 2025లో ఆదివారం వచ్చింది. రెండేళ్లూ కొత్తగా కలిసొచ్చిన సెలవేమీ లేదు. పైగా 2025లో దసరాయే అక్టోబరు 2న పడింది. తెలంగాణలో దసరా అంటే యాట మాంసం ఉండాల్సిందే. గాంధీ జయంతి అంటే మాంసం, మద్యం దుకాణాలు మూయాల్సిందే. ఒకే రోజుకు సర్కారు వేసిన రెండు ముద్రలు ఒకదాన్నొకటి ఎదుర్కొన్నాయి. జనం ఏం చేశారంటారా? ముందురోజే తెచ్చుకున్నారు.

2023లో దసరా ఏ రోజన్న దానిపై పండితుల మధ్యే తేడా వచ్చింది. ప్రభుత్వం మొదట అక్టోబరు 24, 25 సెలవులని చెప్పి, తర్వాత 23, 24కు మార్చుకుంది. అదే ఏడాది మిలాద్-ఉన్-నబీ, హైదరాబాద్‌లో గణేశ్ నిమజ్జనం సెప్టెంబరు 28న ఒకేరోజు వచ్చాయి. రెండు ఊరేగింపులు ఒకే రోడ్డు మీద ఎందుకని ముస్లిం పెద్దలు తమ ఊరేగింపును అక్టోబరు 1కి మార్చుకున్నారు. ఏ జీవో వాళ్లను మార్చుకోమనలేదు.

బోనాలది ఇంకో తీరు. హైదరాబాద్‌లో ఆషాఢ మాసపు ఆదివారాల్లో జరుగుతాయి కాబట్టి జీవోలో సెలవు ఒక సోమవారం నాడు ఉంటుంది. పల్లెల్లో బోనాలకు ఆ లెక్క లేదు. పోచమ్మకు శ్రావణంలో చేసే ఊళ్లున్నాయి, వానల్ని బట్టి, ఊరి పెద్దల మాటను బట్టి చేసేవీ ఉన్నాయి. రాజధాని పండుగ తేదీయే రాష్ట్రం తేదీ అయింది. దీన్ని కుట్ర అనక్కర్లేదు, కానీ బోనం ఎత్తే రోజున తన ఊళ్లో సెలవు లేదని ఒక టీచరమ్మ విసుక్కుంటే ఆ విసుగు న్యాయమైనదే.

ఒక్క మేడారం దగ్గర మాత్రం లెక్క తిరగబడింది. సమ్మక్క-సారలమ్మ జాతరను 1996లోనే రాష్ట్ర పండుగ చేశారు. రెండేళ్లకోసారి మాఘ పున్నమికి జరిగే ఆ జాతర తేదీలు సచివాలయం నిర్ణయించదు. కోయ పూజారులు కూర్చుని ప్రకటిస్తారు. బస్సులు, నీళ్లు, రోడ్లు, పోలీసులు... అన్నీ ఆ తేదీల్ని పట్టుకుని కదులుతాయి. మేడారం వెళ్లలేనివాళ్ల కోసం గోదావరిఖని దగ్గర గోదావరి ఒడ్డున కూడా గద్దెలు కట్టుకుని జాతర చేసుకుంటారు. రెండో షిఫ్టు దిగి, స్నానం చేసి, నిలువెత్తు బంగారం మొక్కు చెల్లించుకుని మర్నాడు మళ్లీ బాయికి పోయే వీలు అక్కడుంది. బంగారం అంటే బెల్లమేనని తెలంగాణ పాఠకులకు చెప్పక్కర్లేదు.

ఇంతకీ వారానికో సెలవు రోజు ఎలా వచ్చింది? ఆదివారం సెలవు ఆకాశం నుంచి ఊడిపడిందన్నట్టు మనం ఉంటాం. రామగుండం ఒకప్పుడు నిజాం ఏలుబడిలోని కరీంనగర్ జిల్లాలో ఉండేది. ఆ హైదరాబాద్ రాజ్యంలో కచేరీలకూ బడులకూ వారపు సెలవు శుక్రవారం. జుమ్మా నమాజు రోజు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగాక సెలవు ఆదివారానికి మారింది. అంటే ఒక మతం ప్రార్థన రోజు పోయి మరో మతం ప్రార్థన రోజు వచ్చింది. రెండుసార్లూ సెలవు తీసుకున్నవాళ్లలో ఎక్కువమంది ఆ రెండు మతాల వాళ్లు కారు! వాళ్లు ఆ రోజున బట్టలు ఉతుక్కున్నారు, అంగడికి వెళ్లారు, పిల్లల్ని ఎత్తుకున్నారు.

బొంబాయి మిల్లు కార్మికుల నాయకుడు నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ల తరబడి పోరాడి 1890లో ఆదివారం సెలవు సాధించాడు. ఇంగ్లిషు దొరలు ఆదివారం చర్చికి వెళతారు, కార్మికుడికి మాత్రం సెలవు లేదు. ఆదివారం ఖండోబా దేవుడి రోజు కూడా కదా, మాకూ ఇవ్వండని అడగడం ఆయన వాదాల్లో ఒకటి. దేవుడి పేరు చెప్పి అడిగాడు. దక్కింది మాత్రం అన్ని మతాల కూలీలకూ ఒక రోజు విశ్రాంతి. 1952 గనుల చట్టం వచ్చేసరికి దేవుడి పేరు కూడా అవసరం లేకపోయింది. వారంలో ఆరు రోజులకు మించి గనిలో ఎవరితోనూ పని చేయించకూడదు, అంతే.

సరిగ్గా అదే 1952లో అమెరికా వేరే దారి పట్టింది. ఏటా ఒక రోజును 'జాతీయ ప్రార్థన దినం'గా దేశాధ్యక్షుడు ప్రకటించాలని అక్కడి కాంగ్రెస్ చట్టం చేసింది. ట్రూమన్ సంతకం పెట్టాడు. 1988లో రీగన్ కాలంలో దాన్ని మే నెల మొదటి గురువారానికి ఖాయం చేశారు. ప్రార్థన చేయమని దేశాన్ని కోరే హక్కు ప్రభుత్వానికి ఎక్కడిదని కొందరు కోర్టుకెళ్లారు. 2010లో విస్కాన్సిన్‌లోని ఫెడరల్ జడ్జి బార్బరా క్రాబ్ అది రాజ్యాంగ విరుద్ధమని తీర్పిచ్చారు. 2011లో పైకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. అధ్యక్షుడి ప్రకటన వల్ల ఎవరిమీదా బలవంతం లేదు కాబట్టి ఫిర్యాదు చేసే అర్హతే పిటిషనర్లకు లేదంది. అంతకు రెండు శతాబ్దాల ముందే వాళ్ల మూడో అధ్యక్షుడు జెఫర్సన్ ఇలాంటి ప్రకటనలు చేయడం తన పని కాదని తప్పుకున్నాడు.

ఇందులో మనవాళ్లకు వింతగా తోచేది ఒకటుంది. ఆ గురువారం నాడు అమెరికాలో సెలవు లేదు! అక్కడి సర్కారు ప్రార్థించమంటుంది, సెలవివ్వదు. ఇక్కడి సర్కారు సెలవిస్తుంది, ప్రార్థించమనదు. పెద్దపల్లి, కరీంనగర్ వైపు నుంచి అక్కడికెళ్లి స్థిరపడిన కుటుంబాలు కూడా కోరుకున్నది రెండో రకాన్నే. 2023లో న్యూయార్క్ నగర ప్రభుత్వ బడులకు దీపావళి సెలవు ఖాయమైంది. 2024లో పెన్సిల్వేనియా దీపావళిని రాష్ట్ర సెలవుగా గుర్తించింది, కానీ బడులు, ఆఫీసులు మూయక్కర్లేదంది. 2025లో కాలిఫోర్నియా కూడా దీపావళిని గుర్తించింది. పేరు జాబితాలో ఎక్కడం ఒకటి, తలుపు మూయడం ఇంకొకటి అన్న సంగతి అక్కడా తేలుతోంది.

మన దేశంలో సర్కారే నోరు తెరిచి 'తలవంచి నిలబడండి' అని అడిగే రోజు ఒకటుంది. జనవరి 30. గాంధీజీ నేలకొరిగిన రోజు. 11 గంటలకు దేశమంతా రెండు నిమిషాలు మౌనం పాటించాలని కేంద్ర హోం శాఖ ఏటా రాష్ట్రాలకు రాస్తుంది. సైరన్ ఉన్నచోట 10.59కి మోగించి, 11.02కి మళ్లీ మోగించాలి. సైరన్ మోతతో షిఫ్టులు మారడం చూసిన బొగ్గు పట్టణాలకు ఆ మోత కొత్త కాదు. ఆ రెండు నిమిషాల్లో మనసులో ఏమనుకోవాలో సర్కారు చెప్పదు. రాముణ్ని తలచుకున్నా, అల్లాను తలచుకున్నా, కాలేజీ ఫీజు గడువు గుర్తొచ్చినా అడిగేవారు లేరు. ఆ రోజు సెలవు లేదు. అందుకేనేమో, జనవరి 30 అని క్యాలెండర్లో ఎవరూ ఎర్ర సిరాతో రాసుకోరు.

సెలవు వచ్చిన రోజునే ఎక్కువ పనిచేసే ఉద్యోగి కూడా ప్రతి ఇంట్లో ఒకరున్నారు. సద్దుల నాడు పొద్దున్నే పూలు తుంచి, బతుకమ్మ పేర్చి, పెరుగన్నం, చింతపండు పులిహోర, నువ్వుల పొడి, మలీద చేసి, పిల్లలకు తలంటి, సాయంత్రానికి పట్టుచీర కట్టుకుని చెరువుకు బయల్దేరే మనిషి. ఆమెకు పీహెచ్‌డీ లేదు, ప్లేడే లేదు. పండుగ అంటే ఆమె డ్యూటీ. ఆ సాయంత్రం ఆడే గంటా రెండు గంటలే ఆమె సెలవు. రాష్ట్ర పండుగ అన్న బిరుదు వచ్చాక కూడా ఆ లెక్క మారలేదు.

ఇక అన్నిటికంటే వెనక నిలబడేవాడు కాంట్రాక్టు కార్మికుడు. సింగరేణిలో ఏటా దసరా ముందు లాభాల వాటా ప్రకటిస్తారు. 2024లో లాభంలో 33 శాతం, 796 కోట్లు పంచుతామన్నారు. పర్మినెంటు కార్మికుడికి సగటున 1.90 లక్షలు వచ్చింది. ఆ ఏడాదే మొదటిసారి కాంట్రాక్టు కార్మికులకు కూడా పండుగ పేరు చెప్పి ఒక మొత్తం ఇచ్చారు. ఒక్కొక్కరికి 5,000 రూపాయలు. 2025లో వాటా 34 శాతమైంది. పర్మినెంటు కార్మికుడికి సగటున 1.95 లక్షలు దాటింది, కాంట్రాక్టు కార్మికుడికి 5,500. ఇచ్చినందుకు మెచ్చుకోవాల్సిందే, అంతకుముందు అదీ లేదు. కానీ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరి దసరా ఎంతో తెలిసిపోతుంది. చేసిన రోజుకే కూలి అన్న పద్ధతిలో బతికే మనిషికి జీవోలోని ఎర్ర తేదీ అంటే కూలి లేని రోజు. క్వారీలోనైనా, ప్యాకింగ్ దగ్గరైనా, బొగ్గు లారీ కిందైనా అంతే. అతను మనసులో ఏ దేవుణ్ని తలచుకున్నా, ఆ నెల సెలవులు ఎన్నో ముందు లెక్కపెట్టుకుంటాడు. సెలవులు తక్కువుంటే బాగుండునని కోరుకునే భక్తులు కూడా ఉంటారంటే ఆఫీసు ఉద్యోగులు నమ్మలేకపోవచ్చు.

పర్మినెంటువాళ్లకు ఇంకో వెసులుబాటు ఉంది. జీవోతోనూ, చట్టంతోనూ సంబంధం లేకుండా వాళ్లలో వాళ్లు చేసుకునే సర్దుబాటు అది. డిసెంబరు 24 రాత్రి చర్చికి వెళ్లాల్సినవాడి నైట్ షిఫ్టు ఇంకొకడు చేస్తాడు. రంజాన్ నెలలో ఇఫ్తార్ వేళకు ఇల్లు చేరాల్సినవాడికి రెండో షిఫ్టు బదులు మొదటి షిఫ్టు ఇచ్చేందుకు ఒకడు ముందుకొస్తాడు. సద్దుల సాయంత్రం వచ్చేసరికి లెక్క తిరిగి చెల్లుతుంది. 'నీ పండుగకు నేను చేసిన, నా పండుగకు నువ్వు చెయ్యి' అనుకోవడమే. షిఫ్ట్ ఇన్‌చార్జి సరేనని మస్టర్‌లో పేరు మార్చితే చాలు. ప్రభుత్వ ఆఫీసుల్లో రంజాన్ నెలకు ముస్లిం ఉద్యోగులు సాయంత్రం 4 గంటలకే వెళ్లొచ్చని తెలంగాణ ప్రభుత్వం 2025లో ఉత్తర్వు ఇస్తే దాని మీద రాజకీయ నాయకులు వారం రోజులు వాదించుకున్నారు. అదే సర్దుబాటు కిల్న్ దగ్గర, పంపు హౌస్ దగ్గర ఇద్దరు మనుషులు చేసుకుంటే పేపర్లో వార్త కూడా రాదు.

కాంట్రాక్టు మనిషికి ఈ మార్పిడి కుదరడం కష్టం. రేపటి పనికి పిలుస్తారో లేదో అతనికే తెలియదు, ఇంకొకడితో ఏం మార్చుకుంటాడు? 2022 సెప్టెంబరులో సింగరేణి కాంట్రాక్టు కార్మికులు వేతనాల కోసం సమ్మెకు దిగారు. ఆ తర్వాత పండుగకు 5,000 దాకా వచ్చింది బేరం. కూలితో కూడిన పండుగ సెలవు దాకా ఎప్పుడొస్తుందన్నది కాంట్రాక్టరు, కంపెనీ, యూనియన్ కూర్చునే బల్ల దగ్గర తేలాలి. సెలవుల జీవోలో దానికి గడి లేదు.